కోడింగ్ రాకపోతే మేనేజరా? విదేశీ విద్య కన్సల్టెన్సీల వారికి బహిరంగ లేఖ

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, బెంజి సర్కిల్, బ్రాడీపేటల్లో బోర్డులు పెట్టుకున్న కన్సల్టెన్సీల యజమానులకు, కౌన్సెలర్లకు నమస్కారం.

2025 సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు మా పిన్నినీ, ఆవిడ కొడుకునీ వెంటబెట్టుకుని గుంటూరులో మీలో ఒకరి ఆఫీసుకు వచ్చాను. “నువ్వు కెనడాలో ఉంటావుగా అమ్మాయ్, వాళ్లేం చెబుతున్నారో నీకైతే తెలుస్తుంది” అని పిన్నే నన్ను బయల్దేరదీసింది. టోకెన్ తీసుకుని గంటన్నర కూర్చున్నాం. లోపల గడిపింది మాత్రం పదకొండు నిమిషాలు.

కౌన్సెలర్ మర్యాదస్తురాలే. నీళ్లిచ్చింది. ఆ తర్వాత మూడు ప్రశ్నలు. బ్యాక్‌లాగ్స్ ఎన్ని? మూడు, అన్నీ క్లియరయ్యాయి. బడ్జెట్ ఎంత? తమ్ముడు నోరు తెరిచేలోపే పిన్ని “ఎకరం ఉందమ్మా” అంది. కోడింగ్ వచ్చా? తమ్ముడు ఒకసారి నా వంక చూసి, “పెద్దగా రాదు మేడమ్” అన్నాడు. ఆవిడ ముఖంలో ఏదో చిక్కుముడి విడిపోయినట్టయింది. మానిటర్ మా వైపు తిప్పింది. “అయితే ఐటీ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ వేసేద్దాం. కోడింగే ఉండదు. ఇదొక ఏడాది, దీనికి ఇంకో ఏడాది కోర్సు కలిపితే మూడేళ్ల వర్క్ పర్మిట్ గ్యారంటీ. బయటికి రాగానే పీఎంపీ రాసేస్తే మేనేజరే.” పీఎంపీ అంటే ప్రాజెక్ట్ మేనేజర్లకు ఇచ్చే అంతర్జాతీయ సర్టిఫికెట్ పరీక్ష. ఇదంతా ఒక పసుపు చీటీ మీద రాసిచ్చింది. పిన్ని ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. ఆటోలో కూర్చోగానే చిన్నాన్నకు ఫోన్ చేసి “మేనేజర్ కోర్సంట” అని చెప్పింది.

నేను అక్కడ నోరు విప్పలేదు. పండగ పూట గొడవెందుకు అనుకున్నానో, ఆ గదిలో పదిమంది ముందు పిన్ని ఆశ మీద నీళ్లు చల్లడం ఇష్టం లేకపోయిందో. అప్పుడు మింగిన మాటలే ఇప్పుడు రాస్తున్నాను. ఆ ఒక్క ఆఫీసు గురించి కాదు. నాకు వాట్సాప్‌లో “అక్కా, ఐటీపీఎం (ఐటీ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్) తీసుకున్నాను, ఉద్యోగం ఎలా వస్తుంది?” అని మెసేజ్ పెట్టే పిల్లలందరూ మీ అందరి దగ్గరా ఇవే మూడు ప్రశ్నలు విని వచ్చినవాళ్లే.

ముందు నా సంగతి చెప్పాలి. తెనాలిలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. 2017లో ఒంటారియోలో ఒక ప్రభుత్వ కాలేజీలో సరిగ్గా ఈ కోర్సే, డిగ్రీ మీద చదివే గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్, చేశాను. ఇప్పుడు మిస్సిసాగాలో ప్రాజెక్ట్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. కాబట్టి ఈ చదువు దండగ అనే హక్కు నాకు లేదు, అననూ అనను. నాకు అన్నం పెడుతున్నది అదే. నా పేచీ అంతా మీరు దాన్ని ఎవరికి, ఎప్పుడు, ఏమని చెప్పి అంటగడుతున్నారన్న దగ్గరే.

మా క్లాసులో ముప్ఫై ఎనిమిది మందిమి. మొదటి వారంలో మా లెక్చరర్, ముప్ఫై ఏళ్లు బ్యాంకుల్లో సిస్టమ్స్ నడిపి రిటైరైన పెద్దాయన, ఒక ప్రశ్న అడిగారు. “తేదీ దాటిపోయిన సాఫ్ట్‌వేర్ రిలీజ్‌లో పనిచేసినవాళ్లు ఎంతమంది?” ఆరు చేతులు లేచాయి. మిగతా వాళ్లలో ఎక్కువమంది డిగ్రీ చేతికొచ్చి ఏడాది కూడా కానివాళ్లు. సగం మంది పంజాబీలు, గుజరాతీలు, తొమ్మిది మంది మనవాళ్లు. చదువులో ఎవరూ తక్కువ కాదు. స్కోప్, షెడ్యూల్, బడ్జెట్, రిస్క్, వెండర్ కాంట్రాక్టులు, పనిని చిన్న విడతలుగా చేసే స్క్రమ్ పద్ధతి, జీరా, ఎంఎస్ ప్రాజెక్ట్ లాంటి సాఫ్ట్‌వేర్లు అన్నీ నేర్చుకున్నారు, నాకంటే మంచి మార్కులే తెచ్చుకున్నారు. తేడా గ్రూప్ ప్రాజెక్టులో తెలిసింది. లేని ఆసుపత్రికి లేని క్లయింట్ కోసం యాప్ కట్టే ప్లాన్ వెయ్యాలి. ఏడు గ్రూపులూ రిస్కుల జాబితాలో ఇంచుమించు అవే మూడు రాశాయి: సర్వర్ పడిపోవచ్చు, టీమ్‌లో ఒకరికి జ్వరం రావచ్చు, బడ్జెట్ చాలకపోవచ్చు. పెద్దాయన అన్నీ చదివి, “ఇందులో మనుషులెవరూ అబద్ధం చెప్పరా?” అని అడిగారు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఎందుకంటే నేను చెప్పి ఉన్నాను. గచ్చిబౌలిలో ఒక శుక్రవారం రాత్రి, బిల్డ్‌లో ఇంకా రెండు పెద్ద డిఫెక్టులు మిగిలి ఉండగానే, మా లీడ్ కుర్చీ నా పక్కకు లాక్కుని, “దీన్ని నాట్ రీప్రొడ్యూసిబుల్ అని క్లోజ్ చేసెయ్యమ్మా, సోమవారం చూసుకుందాం” అన్నాడు. అంటే మళ్లీ చేసి చూస్తే ఆ తప్పు కనపడలేదని రాయమని. చేసేశాను. ఆదివారం పొద్దున అమెరికా నుంచి ఫోనొచ్చింది. ఆ తర్వాత మూడు వారాలు ఎలా గడిచాయో నా నిద్రకే తెలుసు. రిస్క్ రిజిస్టర్ అంటే, ఏది చెడిపోవచ్చో ముందే రాసుకునే జాబితా అంటే, ఏమిటో నాకు ఆ డిఫెక్ట్ నేర్పింది. కాలేజీ దానికి పేరు పెట్టి, రాయడం నేర్పింది.

ఈ కోర్సు నిజంగా దేని గురించో తెలియాలంటే కెనడా ఫీనిక్స్ కథ తెలుసుకోండి. ఈ దేశానికి పిల్లల్ని పంపుతున్నారు కాబట్టి మీ ఆఫీసులో ప్రతి కౌన్సెలర్‌కూ ఇది తెలిసి ఉండాలని నా అభిప్రాయం. ఫీనిక్స్ అంటే కెనడా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల జీతాల సాఫ్ట్‌వేర్. 2016 ఫిబ్రవరిలో మొదలుపెట్టారు. ఏటా 7 కోట్ల డాలర్లు మిగులుతాయనుకున్నారు. ఉద్యోగులు దాదాపు 2,90,000 మంది. మొదలైన కొద్ది కాలానికే కొందరికి జీతం తక్కువ పడింది, కొందరికి ఎక్కువ పడింది, కొందరికి అసలు పడలేదు. ఎక్కువ పడ్డవాళ్లదీ సుఖం కాదు, తర్వాత తిరిగి కట్టాలి కదా.

2018 మేలో ఆడిటర్ జనరల్ మైఖేల్ ఫెర్గూసన్ నివేదిక వచ్చింది. ప్రాజెక్ట్ నిర్వహణలోనూ, పర్యవేక్షణలోనూ ఇది అంతుచిక్కని వైఫల్యం అని తేల్చారు. మాది ఆఖరి సెమిస్టర్. పెద్దాయన పాఠం పక్కన పెట్టి ఆ నివేదిక ప్రింట్లు తెచ్చి పంచారు. జీతాలు లెక్కగట్టడానికి 984 పనులు కావాలని గుర్తించారట. డబ్బూ గడువూ సరిపోవడం లేదని వాటిలో వందకు పైగా తీసేశారు, లేదా తర్వాత చూద్దామని వాయిదా వేశారు. ఒక శాఖలో ముందుగా చేసి చూద్దామనుకున్న పైలట్‌ను రద్దు చేశారు. సమస్యలున్నాయని తెలిసీ పై అధికారికి పూర్తి సంగతి చెప్పలేదు. చెప్పుకోవాల్సిందేమిటంటే, అన్నిటికంటే వాళ్లకు గడువూ, బడ్జెట్టే ముఖ్యమయ్యాయి.

ఇందులో కోడింగ్ ఎక్కడుంది అని మీరు అడగొచ్చు. నిజమే, ఈ వైఫల్యం కోడ్ రాయలేకపోవడం కాదు. కానీ ఆ 984లో ఏది తీసేస్తే ఎవరి కంచంలో మెతుకు తగ్గుతుందో తెలియాలంటే, సాఫ్ట్‌వేర్ లోపల ఏం జరుగుతుందో కొంతైనా చూసి ఉండాలి. పైవాడితో “ఇది ఇప్పుడు వద్దు సార్” అనాలంటే, ఆ మాట వెనక నాలుగేళ్ల పనైనా ఉండాలి. ఇరవై రెండేళ్ల పిల్లాడికి సర్టిఫికెట్ మెళ్లో వేసి ఆ మాట అనమంటే ఎలా అంటాడు? అన్నా ఎవరు వింటారు?

మనకు ఇది పరాయి దేశం సంగతేం కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు మీకూ గుర్తే. కొత్త ఏజెన్సీ, కొత్త సాఫ్ట్‌వేర్, తప్పుల తడక మెమోలు. తెలుగులో 99 రావాల్సిన అమ్మాయికి సున్నా వేశారు. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్లల్లో దీపాలారిపోయాయో మళ్లీ లెక్కపెట్టడం నా వల్ల కాదు. ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. రీవెరిఫికేషన్‌కు మాత్రం మొదటి ఏజెన్సీతో పాటు రెండో ఏజెన్సీని కూడా పెట్టి లెక్కలు పోల్చి చూశారు. ఆ పక్కపక్కన నడిపి చూడడాన్నే మా కోర్సులో ప్యారలల్ రన్ అంటారు, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న.

ఇప్పుడు మళ్లీ మా తమ్ముడి దగ్గరికి వద్దాం. మీ కౌన్సెలర్ అడగని ప్రశ్న ఒకటుంది: ఇంతవరకూ నువ్వు చేసిన పనేమిటి బాబూ?

అడిగి ఉంటే వాడు 2023 డిసెంబర్ గురించి చెప్పేవాడు. మాది రేపల్లె వైపు. ఆ నెల 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. చేలల్లో వరి కోతకొచ్చి ఉంది. మా మేనమామ వరికోత మిషన్లు తెప్పించి అద్దెకు తిప్పుతాడు. వాడు సెలవులకు వచ్చి ఆయన దగ్గర ఫోన్ ఎత్తే పనిలో కుదిరాడు. తుపాను కబురు తెలిసిన రోజు నుంచి ఫోన్లు ఆగలేదు. ఉన్నవి మూడు మిషన్లు, రెండు టైరువి, ఒకటి చైన్ మిషన్. వాడు ఒక పొడుగాటి నోట్‌బుక్ తీసి, పిలిచిన వరస ప్రకారం కాకుండా కాలువ కట్ట వరస ప్రకారం పేర్లు రాసుకున్నాడు. పల్లపు చేలు ముందు, మెరక చేలు తర్వాత. చైన్ మిషన్‌ను వానొచ్చాక బురదలో దిగడానికని వెనక పెట్టాడు. డీజిల్ ముందే క్యాన్లలో తెప్పించాడు. ధాన్యం మీద కప్పే బరకాలు ఎవరింట్లో ఎన్నున్నాయో కూడా రాశాడు. సొంత ఇంటి చేను జాబితాలో చివర. పిన్ని నాలుగు రోజులు వాడితో మాట్లాడలేదు. “మనది మెరకమ్మా, నీళ్లు నిలవ్వు” అన్నాడట. ఒకాయన డబ్బు ఎక్కువిస్తా, నాది ముందు కొయ్యమన్నాడు. మేనమామ ఊగాడు. వీడు నోట్‌బుక్ చూపించి, ఆయన చేను పదకొండోదే, ముందుకు జరిపితే పల్లంలో రెండెకరాలు మునుగుతాయన్నాడు. అన్నీ కోయలేకపోయారు. కొన్ని చేలు పడిపోయాయి, తడిసిన ధాన్యం మొలకలెత్తింది. ఎవరిది ఎందుకు కోయలేకపోయాడో వాడికి ఇప్పటికీ పేర్లతో సహా గుర్తుంది.

మా క్లాసులో ఏడు గ్రూపులు రాసిన ప్లాన్లన్నీ కలిపినా ఆ నోట్‌బుక్‌కు సాటి రావు. అలాగని వాణ్ణి వెంటనే కెనడా పంపమంటున్నానా? లేదు. వాడికి మనుషులు తెలుసు, సాఫ్ట్‌వేర్ తెలియదు. వరి ఎప్పుడు పండుతుందో తెలిసింది కాబట్టే కోత వరస వేయగలిగాడు. సాఫ్ట్‌వేర్ ఎలా పండుతుందో, ఎక్కడ తెగులు పడుతుందో తెలియాలంటే రెండు మూడేళ్లు ఆ పొలంలో దిగాలి. టెస్టింగో, సపోర్టో, బిజినెస్ అనలిస్ట్ దగ్గర సహాయకుడి పనో, ఏదైనా సరే. ఆ తర్వాత ఈ కోర్సు చదివితే ప్రతి పాఠమూ వాడికి తెలిసిన బాధకు పేరులా కనిపిస్తుంది. సపోర్ట్‌లో నైట్ షిఫ్టులు చేసినవాళ్లు, బీపీఓలో ఇరవై మందిని నడిపినవాళ్లు, సైట్ మీద మేస్త్రీలతో వేగిన సివిల్ ఇంజినీర్లు, బ్యాంకుల్లో కోర్ సిస్టమ్ మారినప్పుడు రాత్రిళ్లు కూర్చున్నవాళ్లు, వీళ్లు ఈ కోర్సు నుంచి పిండుకున్నంతా పిండుకోవడం నేను కళ్లారా చూశాను.

పీఎంపీ మాట. “బయటికి రాగానే రాసేస్తే” అని మీరు చీటీ మీద రాసిస్తున్నారు. డిగ్రీ ఉన్నవాళ్లు కూడా ఆ పరీక్షకు కూర్చోవాలంటే 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపాలి, 35 గంటల శిక్షణ ఉండాలి. ఆ పరీక్ష పెట్టే సంస్థ పీఎంఐ. దాని గుర్తింపు ఉన్న డిగ్రీ కోర్సుల్లో చదివితే 12 నెలలు తగ్గుతాయి, అప్పటికీ 24 మిగులుతాయి. ఫ్రెషర్‌కు అవి ఎక్కణ్ణుంచి వస్తాయి? ఎక్కణ్ణుంచి తెస్తున్నారో మనకు తెలుసు. ఐదేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ షీటు, ఫోనెత్తడానికి ఒక మనిషి. పీఎంఐ కొన్ని దరఖాస్తులను ఏరి ఆడిట్ చేస్తుంది, అప్పుడు మీరు పెట్టిన మేనేజర్ల సంతకాలు కావాలంటుంది. అక్కడ దొరక్కపోయినా ఇంటర్వ్యూలో దొరుకుతారు. “నువ్వు తప్పు చేసిన ప్రాజెక్టు ఒకటి చెప్పు” అని అడిగితే చేయని ప్రాజెక్టులో తప్పేం చెబుతాడు? ఇంటర్వ్యూ బల్లకు ఇవతల కూర్చుని నేను ఆ మౌనాన్ని చాలాసార్లు విన్నాను. అవతల కూర్చున్న కుర్రాడు తెలుగువాడని పేరు చూడగానే తెలుస్తుంది, అప్పుడు ఇంకా కష్టంగా ఉంటుంది.

నిజంగా ఆసక్తి ఉన్న ఫ్రెషర్‌కు సీఏపీఎం అని పీఎంఐదే ఒక తొలి మెట్టు పరీక్ష ఉంది. అనుభవం అక్కర్లేదు, 23 గంటల శిక్షణ చాలు, 150 ప్రశ్నలు. ఎకరం అమ్మక ముందే ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చు. అది చదువుతుంటే నిద్ర ముంచుకొచ్చిందంటే కెనడాలో చదివినా అంతే. ఈ సంగతి మీ బోర్డు మీద ఎక్కడా కనపడదు. అందులో మీకు కమీషన్ లేదు కదా.

మొదటి ఉద్యోగం పేరు కూడా చెప్పండి. అది ప్రాజెక్ట్ కోఆర్డినేటర్. మీటింగ్ మినిట్స్ రాయడం, ఎవరి పని ఎంతవరకు వచ్చిందని అడుగుతూ తిరగడం. నాకు తొమ్మిదేళ్ల అనుభవం ఉండి కూడా ఇక్కడ అదే మొదటి ఉద్యోగం, నేనేం సిగ్గుపడలేదు. కానీ మేనేజర్ అని పిన్నులకు చెప్పి పంపితే, ఆ పిల్లాడు ఇంటికి ఫోన్ చేసి కోఆర్డినేటర్ అని ఎలా చెబుతాడు? పైగా ఆ అడుగు కూడా ఇప్పుడు ఇరుకైంది. స్క్రమ్ పద్ధతిలో టీమ్‌ను నడిపించే స్క్రమ్ మాస్టర్ అయితే చాలనుకునే రోజులు పోతున్నాయి. 2023 జనవరిలో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకు తన ఎజైల్ (స్క్రమ్ లాంటి పద్ధతుల) ఉద్యోగాల విభాగాన్నే ఎత్తేసి 1,100 మందికి పైగా తీసేసింది.

ఇక వర్క్ పర్మిట్. 2024 నవంబర్ 1 తర్వాత స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసినవాళ్లు, కాలేజీ సర్టిఫికెట్ చదివితే, ఆ కోర్సు కెనడా ప్రభుత్వం ప్రకటించిన రంగాల జాబితాలో ఉంటేనే చదువయ్యాక వర్క్ పర్మిట్. యూనివర్సిటీ బ్యాచిలర్స్, మాస్టర్స్ డిగ్రీలకు ఆ షరతు లేదు. కోర్సు పేరులో ఐటీ ఉందా లేదా అని ఎవరూ చూడరు, కాలేజీ ఆ కోర్సుకు ఇచ్చిన ఆరంకెల కోడ్ చూస్తారు. ఒకే పేరున్న కోర్సుకు రెండు కాలేజీల్లో రెండు కోడ్‌లు ఉండొచ్చు. మేం మీ ఆఫీసుకు వచ్చింది ఈ నిబంధన వచ్చిన రెండున్నర నెలల తర్వాత. అయినా చీటీ మీద “గ్యారంటీ” అనే రాశారు.

అమెరికాకూ ఇదే లెక్క. అక్కడ ఐటీ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌కు 11.1005 అని కోడ్ ఉంది, అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంది. కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఆ కోడ్ ఉంటే, చదువయ్యాక పనిచేసుకోవడానికిచ్చే 12 నెలల అనుమతికి (ఓపీటీ) ఇంకో 24 నెలలు కలుస్తాయి. ఆ కోర్సే మేనేజ్‌మెంట్ విభాగం కింద వేరే కోడ్‌తో నడుస్తుంటే లెక్క మారిపోవచ్చు. లక్షలు పోసే ముందు చూడాల్సింది ఆ ఆరంకెలు. మీ కరపత్రాల్లో క్యాంపస్ ఫొటోలు, మంచు ఫొటోలు ఉంటాయి గానీ అవి మాత్రం ఉండవు.

ఖర్చు మాటా సూటిగా చెప్పండి. కెనడా ప్రభుత్వం ఫీజు కాకుండా బతకడానికి చూపమనే డబ్బు 10,000 డాలర్లుండేది. 2024 జనవరి నుంచి 20,635 అయింది. 2025 సెప్టెంబర్ నుంచి 22,895. చదువుకుంటూ బయట వారానికి 24 గంటలకు మించి పనిచేయకూడదు. “అక్కడ పార్ట్ టైమ్‌తో ఫీజు వచ్చేస్తుంది” అనే మాట దయచేసి తల్లిదండ్రుల ముందు ఇంకెప్పుడూ అనకండి.

మీ కమీషన్ మీద నాకు కోపం లేదు. కాలేజీలు ఇస్తాయి, మీరు తీసుకుంటారు, అది వ్యాపారం. నేను అడిగేది ఆ పదకొండు నిమిషాలను పాతిక చేయమని. మూడు ప్రశ్నలకు నాలుగోది కలపండి, ఏం పని చేశావని. కోర్సు కోడ్, నిబంధన మారిన తేదీ, పీఎంపీకి కావాల్సిన 36 నెలలు, మొదటి ఉద్యోగం పేరు ఆ పసుపు చీటీ మీదే రాసి, కింద మీ సంతకం పెట్టండి. అనుభవం లేని పిల్లలకు రెండేళ్లు ఉద్యోగం చేసి రమ్మని చెప్పండి. అలా చెప్పి పంపినవాడు రెండేళ్ల తర్వాత మీ దగ్గరికే వస్తాడు, ఇంకెక్కడికీ పోడు.

మా తమ్ముడు ప్రస్తుతం మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో అప్లికేషన్ సపోర్ట్ చేస్తున్నాడు. జీతం తక్కువ, రాత్రి షిఫ్టులు. పిన్నికి నా మీద ఇంకా కొంచెం కోపంగానే ఉంది. ఎకరం మాత్రం అలాగే ఉంది. ఈ ఏడు ఖరీఫ్‌లో సాంబ మసూరి వేశారు.

డిసెంబర్‌లో మళ్లీ ఊరొస్తున్నాను. మీలో ఎవరైనా పిలిస్తే ఒక శనివారం మీ ఆఫీసుకు వచ్చి, ఈ కోర్సు తీసుకోవాలనుకునే పిల్లలతో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంటాను. నాకేం ఇవ్వక్కర్లేదు. కౌన్సెలర్లు కూడా పక్కన కూర్చుంటే చాలు.

ఇట్లు,
మీ దగ్గర టోకెన్ తీసుకుని కూర్చున్న ఒక ప్రాజెక్ట్ మేనేజర్
మిస్సిసాగా, ఒంటారియో